బకెట్టు, మగ్గు, మూడో వడ్డన: అమెరికా విద్యార్థికి హైదరాబాద్ అలవాటయ్యే తీరు

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఉన్నది ఈ ఏడాది తమ ఇంట్లో ఒక గది ఇస్తామని ముందుకొచ్చిన కుటుంబాలు. వెనక ఉన్నది క్యాంపస్‌లో తోడుగా ఉంటామన్న విద్యార్థులు. వచ్చేది 19, 20, 21 ఏళ్ల అమెరికా కాలేజీ పిల్లలు. ఒక సెమిస్టరో, రెండో ఉంటారు. ఇది మన ఊరికి కొత్త కాదు. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల కోసమే ఒక కార్యక్రమం ఏళ్లుగా నడుస్తోంది. అయినా ఇటునుంచి అటు వెళ్లేవాళ్లతో పోలిస్తే అటునుంచి ఇటు వచ్చేది గుప్పెడు మందే. అమెరికా వెళ్లే పిల్లాడి పెట్టెలో ఏం సర్దాలో, కుక్కర్ నుంచి కందిపొడి దాకా, మన వీధిలో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. అక్కణ్నుంచి వచ్చే పిల్లకు మొదటిరోజు ఏం చెప్పాలంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

కల్చర్ షాక్ అనే మాట మీరంతా వినే ఉంటారు. కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో రాసిన వ్యాసంతో అది బాగా వాడుకలో పడింది. అంతకుముందే, 1955లో, నార్వేకు చెందిన స్వెర్రె లిస్‌గార్డ్ ఫుల్‌బ్రైట్ అనే ఉపకారవేతనం మీద అమెరికా వెళ్లొచ్చిన 200 మందికి పైగా తన దేశస్థుల్ని పరిశీలించాడు. మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, చివర్లో తేరుకోవడం, ఇదీ అతను చెప్పిన వరస. దాన్ని గీతగా గీస్తే ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా ఉంటుంది కాబట్టి ఇప్పటికీ చాలాచోట్ల ఆ బొమ్మే చూపిస్తారు. నాకు ఆ బొమ్మ మీద అంత నమ్మకం లేదు. 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లో చదివే జపాన్ విద్యార్థుల్ని దిగిన రోజు నుంచి ఏడాది పొడవునా గమనించింది. అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది దిగిన మొదట్లోనే కనిపించింది. మొదట్లో ఉంటుందనుకునే ఆ ఉత్సాహం జాడ కనిపించలేదు.

ఆలోచిస్తే అంతే కదా. మనిషిని అలసటకు గురిచేసేది తాజ్‌మహలూ కాదు, ట్రాఫిక్కూ కాదు. స్నానం ఎలా చేయాలి, లైటు ఎక్కడ వేయాలి, ఈ నీళ్లు తాగొచ్చా, ఈ ఆటోకు డబ్బు ఎలా కట్టాలి... అక్కడ చేయి తనంతట తాను చేసే పనికి కూడా ఇక్కడ ఆగి ఆలోచించాలి. సాయంత్రానికి పిల్ల వాడిపోయి వస్తుంది. ఇక్కడే మన మంచితనం అడ్డొస్తుంది. ‘నీకెందుకమ్మా, నేను చేసిపెడతాగా’ అని సిమ్ము మనమే తెస్తాం, ఆటో మనమే మాట్లాడతాం, కంచం మనమే తీస్తాం. నెల తిరిగేసరికి ఆ పిల్లకు ఊళ్లో ఒక్క పనీ చేతకాదు. ఈ గంటలో నేను చెప్పేదంతా ఒక్క వరస: మొదటిసారి మీరు చేసి చూపించండి, రెండోసారి పక్కన నిలబడండి, మూడోసారి ఇంట్లోనే ఉండిపోండి.

సరే, దిగిన రోజు. మనకూ న్యూయార్కుకూ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు తేడా, వాళ్లు నవంబరు మొదటి ఆదివారం గడియారం వెనక్కి తిప్పాక పదిన్నర. కాలిఫోర్నియాకైతే పన్నెండున్నర, పదమూడున్నర. మధ్యాహ్నం మూడింటికి నిద్ర ముంచుకొస్తుంది, రాత్రి రెండింటికి కళ్లు పత్తికాయల్లా విచ్చుకుంటాయి. మధ్యాహ్నం అరగంట పడుకోనివ్వండి, నాలుగు గంటలు వద్దు. పొద్దున్నే ఎండలో నడిపించండి. వారం, పది రోజుల్లో సర్దుకుంటుంది. ఈలోగా చుట్టాల పరామర్శలు, చిలుకూరు, యాదగిరిగుట్ట పెట్టుకోకండి. రాత్రి రెండింటికి ఆకలేస్తుంది కాబట్టి రెండు అరటిపళ్లు, బిస్కెట్లు, మంచినీళ్ల సీసా గదిలోనే ఉంచండి. కొత్తవాళ్ల ఇంట్లో అర్ధరాత్రి ఫ్రిజ్ తెరవడానికి ఏ పిల్లకైనా మొహమాటమే.

కాగితాల సంగతి మీ బాధ్యత కూడా. విదేశీయులు మన ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. మనం ‘సి ఫారం’ అని పిలుచుకునేది ఇదే. హోటళ్లకే అనుకుంటారు గానీ ఇళ్లకూ వర్తిస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి విదేశీయులకు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ఫారాల పేర్లూ నంబర్లూ మారుతుంటాయి, కాబట్టి పోయినేడు పక్కింటివాళ్లు చేసినట్టు కాకుండా విశ్వవిద్యాలయం అంతర్జాతీయ విభాగంలో అడిగి చేయండి. ఇక వీసా 180 రోజులు దాటినదైతే విద్యార్థి దిగిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయం వారి ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ సైటులో నమోదు చేసుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, దిగినప్పుడు వేసిన ముద్ర, కాలేజీ బోనఫైడ్, ఇంటి రుజువు ఎక్కించాలి. దరఖాస్తు వెనక్కొచ్చేది దాదాపు ఎప్పుడూ ఆ ఇంటి రుజువు దగ్గరే. కరెంటు బిల్లు కీర్తిశేషులైన తాతగారి పేరు మీద ఉంటుంది, ఉత్తరం రాసిచ్చింది మనవడు. ఇంటి పన్ను రసీదు అయినా మీ పేరు మీద ఉందో లేదో పిల్ల రాకముందే చూసుకోండి. ఇంకో తిరకాసు తేదీలు. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, వాళ్లకు మార్చి 4. ఫారం నింపుతున్నప్పుడు నెల పేరు అక్షరాల్లో ఒకసారి పైకి చదివించండి.

ఫోను. విదేశీ పాస్‌పోర్టు మీద సిమ్ము ఇస్తారు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, ఫొటో, స్థానికంగా ఒకరి నంబరు కావాలి. ఆ స్థానిక నంబరు మీది ఇస్తే దానికి ఓటీపీ వస్తుంది, కాబట్టి ఫోను దగ్గర పెట్టుకోండి. వీధి చివరి గొడుగు కింద స్టాల్‌కు కాదు, కంపెనీ సొంత దుకాణానికి తీసుకెళ్లండి. ఆధార్ లేని మనిషికి సిమ్ము ఇచ్చే పద్ధతి గొడుగు కింద కుర్రాడికి తెలియక ‘రాదు సార్’ అనేస్తాడు. పాత అమెరికా నంబరును మాత్రం రద్దు చేసుకోవద్దని పిల్ల బయల్దేరకముందే చెప్పండి. అక్కడి బ్యాంకు పంపే కోడ్‌లన్నీ దానికే వస్తాయి. ఆ నంబరు పోతే మన డబ్బు మనకే అందని పరిస్థితి.

డబ్బు దగ్గర కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఊళ్లో ఇప్పుడు కొత్తిమీర కట్ట కూడా ఫోనుతోనే కొంటున్నాం. అమెరికా పిల్ల దగ్గర క్రెడిట్ కార్డుంటుంది, అది మాల్‌లో పనిచేస్తుంది. కొత్తిమీర దగ్గర పనిచేయదు. మన వెబ్‌సైట్లలో చాలావాటి దగ్గర కూడా పనిచేయదు, మన చెల్లింపులు ఓటీపీతో నడుస్తాయి, వాళ్ల కార్డులు చాలావరకు అలా నడవవు. దీనికి మందుగా యూపీఐ వన్ వరల్డ్ అని ఒకటుంది. 2023లో జీ-20 సమయంలో విదేశీ అతిథుల కోసం మొదలైంది. పాస్‌పోర్టు, వీసా చూపించి వాలెట్ తెరిపించుకుని, డబ్బు నింపుకుని, క్యూఆర్ కోడ్‌తో కట్టొచ్చు. కానీ అది దుకాణాలకు, వ్యాపార ఖాతాలకు కట్టడానికి. ఆటో అన్న ‘నా నంబరుకు కొట్టు’ అంటే అక్కడ పోదు. పిల్ల ‘ఫెయిల్డ్’ అని చూపిస్తుంది, అతను మోసం అనుకుంటాడు, గొడవ. కాబట్టి జేబులో ఎప్పుడూ 10, 20, 50, 100 నోట్లు కలిపి ఒక 500 రూపాయల చిల్లర ఉండాలి. ఏటీఎంలో ‘డాలర్లలో లెక్కకట్టమంటారా, రూపాయల్లోనా’ అని అడుగుతుంది. రూపాయలే నొక్కాలి. డాలర్లు నొక్కితే మారకం రేటు వాళ్లు పెట్టిందే. తీసిన ప్రతిసారీ రెండువైపులా రుసుము పడే అవకాశం ఉంది గనక వెయ్యి, వెయ్యి కాకుండా ఒకేసారి ఎక్కువ తీయడం మేలు. ఏడాది ఉండేవాళ్లయితే బ్యాంకులో ఎన్‌ఆర్‌ఓ ఖాతా, అంటే ప్రవాసుల కోసం ఉండే రూపాయల ఖాతా, తెరవొచ్చు. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ ఉత్తరం, ఫొటో చాలు. ఇక్కడి చిరునామా 30 రోజుల్లో ఇవ్వాలి. ఇచ్చేదాకా బయటినుంచి వచ్చే డబ్బు 1,000 డాలర్లు దాటకుండా, మొత్తం మీద 50,000 రూపాయల పరిమితి ఉంటుంది. చాలా బ్రాంచీల్లో కౌంటరు దగ్గర అమ్మాయి ఈ రకం ఖాతా ఎప్పుడూ తెరిచి ఉండదు. విసుక్కోకుండా మేనేజరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు బాత్రూం. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ తిప్పలు ఇక్కడే, పైగా ఎవరూ నోరు విప్పి అడగరు. మొదటిది స్విచ్చి. మన బాత్రూం స్విచ్చి బయట ఉంటుంది. వాళ్లు లోపలికెళ్లి చీకట్లో గోడ తడుముతారు. అమెరికాలో స్విచ్చి పైకి ఉంటే వెలిగినట్టు, మనకు కిందికి ఉంటే వెలిగినట్టు. లోపల మనిషి ఉండగా అటువైపు వెళ్తూ అలవాటుగా ఆర్పేసే పెద్దాయన మనందరి ఇళ్లలోనూ ఒకరుంటారు, ఆయనకు ముందే చెప్పండి. రెండోది గీజరు. 15 నిమిషాల ముందు వేసి, స్నానానికి వెళ్లేముందు ఆర్పాలని చేత్తో చూపించండి. అక్కడ వేణ్నీళ్లు 24 గంటలూ కుళాయిలో ఉంటాయి గనక ‘వేయడం, ఆర్పడం’ అనే ఆలోచనే ఉండదు. మూడోది బకెట్టు. ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు, చేయి పెట్టి చూసుకోవాలి. రెండు మగ్గులు పోసుకుని ఒళ్లు తడుపుకోవడం, నీళ్లు ఆపి సబ్బు రుద్దుకోవడం, మళ్లీ పోసుకోవడం. ఒక బకెట్టు సరిపోతుంది. తలస్నానానికి, పొడుగు జుట్టయితే, రెండు. సబ్బు తలతో సగంలో నీళ్లయిపోవడం ప్రతివాళ్లకూ ఒకసారి జరుగుతుంది.

మన బాత్రూం నేలంతా తడి. వాళ్లది పొడి, తివాచీ ముక్క కూడా ఉంటుంది. జీన్సు తొడుక్కుందామని నేల మీద కాలు పెడితే మడమ దాకా తడుస్తుంది. తలుపు వెనక మూడు కొక్కేలు, తడిలో వేసుకునే రబ్బరు చెప్పులు ఒక జత, ఇంత చాలు. జెట్ స్ప్రే గట్టిగా నొక్కితే గోడ దాకా కొడుతుంది, మెల్లగా నొక్కమని చెప్పండి. టాయిలెట్ పేపరు వాడుకుంటామంటే వాడుకోనివ్వండి, కానీ కమోడ్‌లో వేస్తే మన సన్నటి పైపులు మూసుకుపోవచ్చు. మూత ఉన్న చిన్న చెత్తబుట్ట పెట్టి ఎందుకో చెప్పండి. కారణం చెప్తే పాటిస్తారు, కారణం లేకుండా ‘వద్దు’ అంటే మాత్రం పేచీ పెడతారు. ఇది వాళ్ల పెంపకం, దురుసుతనం కాదు.

కరెంటు గురించి ఒక్కమాట. వాళ్లది 120 వోల్టులు, మనది 230. ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటుంది, వాటికి పిన్ను మార్చే అడాప్టరు చాలు. హెయిర్ డ్రయ్యరు, జుట్టు సాఫు చేసే ఇస్త్రీ మీద 120 అనే ఉంటే తగిలించకూడదు. వోల్టేజి రెట్టింపు దగ్గరైతే వేడి దాదాపు మూడున్నర రెట్లు పైనే పుడుతుంది, కాలిపోతుంది. అడాప్టరు పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజిని కాదు. అంతకంటే ఇక్కడ ఒక డ్రయ్యరు కొనుక్కోవడం నయం.

భోజనానికి వద్దాం. తొలి పది రోజులు గోంగూర, ఆవకాయలతో పరీక్ష పెట్టకండి. ఇడ్లీ, ముద్దపప్పు, నెయ్యి, బీరకాయ, సొరకాయ, పెరుగన్నం. పెరుగు తోడుపెట్టిన పాలు కాచినవే గనక భయం లేదు. నీళ్లు కలిపిన మజ్జిగైతే ఆ నీళ్లు ఫిల్టరువేనా అని చూడండి. ఆర్వో నీళ్లు తాగుతారు సరే, కుళాయి నీళ్లతో పళ్లు తోముకుంటే? మొదటి నెల బ్రష్షు దగ్గర కూడా ఫిల్టరు నీళ్ల గ్లాసు పెట్టండి. బయట చెరుకురసంలో ఐసు, కోసి పెట్టిన పళ్లు, పానీపూరీ నీళ్లు, ఈ మూడూ కొన్నాళ్లు వాయిదా. వేడివేడిగా కళ్లెదుట కాల్చిన దోసె మాత్రం బండి దగ్గర కూడా పర్వాలేదు.

పల్లీల సంగతి మాత్రం నవ్వులాట కాదు. అమెరికా పిల్లల్లో కొందరికి వేరుశనగ పడదు. పడదంటే దద్దుర్లు కాదు, గొంతు మూసుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది. మన వంటింట్లో పల్లీ లేనిదెక్కడ? ఇడ్లీలోకి చట్నీ, పులిహోర, వంకాయ కూరలో పొడి, చిక్కీ, నూనె కూడా. ‘కొంచెమే వేశాలే’ అనే మాట వద్దు. అలా పడని పిల్ల మీ ఇంటికొస్తుందని తెలిస్తే నూనె మార్చగలరా, చట్నీ జారు వేరు పెట్టగలరా అని నిజాయితీగా ఆలోచించి, కాదంటే ఇంకో ఇంటికి పంపమని చెప్పేయండి, తప్పేం లేదు. ఆ పిల్లలు వాడే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను మన మందుల షాపుల్లో సులువుగా దొరకదు. కనీసం రెండు తెచ్చుకోవాలి, ఎక్కడ ఉంచిందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇక వడ్డన. మన ఇంట్లో ‘చాలు’ అంటే ఇంకో గరిటె అని అర్థం. అడగ్గానే ఒప్పుకుంటే ఆబగా ఉంటుందని మనం మొదటిసారి వద్దంటాం, రెండోసారి వద్దంటాం, మూడోసారి వేయించుకుంటాం. వాళ్లకు ఆ నాటకం తెలియదు. వద్దంటే నిజంగా వద్దు. కావాలంటే మొదటిసారే కావాలంటారు. ఇంకో చిక్కు, కంచం ఖాళీ చేయడం మర్యాదని వాళ్లకు చిన్నప్పుడే నేర్పుతారు. ఖాళీ కంచం చూస్తే మన చేయి ఊరుకోదు. ఆమె తింటుంది, మీరు వేస్తారు, ఆమె మళ్లీ తింటుంది. మూడోరోజుకు కడుపు పట్టుకుని పడుకుంటుంది. కంచం మీద చేయి అడ్డం పెట్టి ‘చాలండీ’ అనడం మొదటి భోజనంలోనే నేర్పండి, నేర్పాక ఆ చేతిని గౌరవించండి. చేత్తో కలుపుకోవడం మాత్రం ముచ్చటపడి నేర్చుకుంటారు. వేళ్ల కొసలతోనే, అరచేతికి అంటకుండా, బొటనవేలితో నోట్లోకి నెట్టాలి. పప్పన్నంతో మొదలుపెట్టండి, చారన్నంతో కాదు.

కడుపు పాడవడం ఎలాగూ ఒకసారి ఉంటుంది. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్టు ఒక లీటరు నీళ్లకు. చాలామంది మొత్తం ప్యాకెట్టు గ్లాసులో కలిపేస్తారు, అప్పుడు ఉప్పు ఎక్కువై ఇంకా కీడు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను తలకొట్టి కొలవాలి. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్‌ఎస్ కావు. ఆ పేరు వాటి మీద వాడొద్దని 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది కూడా. రక్తం కనిపించినా, 102 డిగ్రీల జ్వరం దాటినా, నీళ్లు కూడా నిలవకపోయినా ఇంటి వైద్యం ఆపేసి డాక్టరు దగ్గరికి. అన్నట్టు మనం ఎండను సెల్సియస్‌లో చెప్పుకుంటాం గానీ జ్వరాన్ని ఇప్పటికీ ఫారెన్‌హీట్‌లోనే చూస్తాం. ఈ ఒక్కచోట ఆ పిల్లకు లెక్క మార్చుకునే పని లేదు. వాళ్లు టైలెనాల్ అనేది మన పారాసిటమాలే.

కుక్కల గురించి గట్టిగా చెప్పండి. అక్కడ వీధికుక్కలు చాలా తక్కువ, కనబడితే ముద్దు చేయబోతారు. చిన్న గాటు పడినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసి 15 నిమిషాలు, పసుపూ కారం పెట్టకూడదు. అదేరోజు టీకా మొదలుపెట్టాలి. కండకు వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28వ రోజుల్లో వేస్తారు. చర్మం చిట్లి రక్తం వస్తే టీకా పనిచేసేలోగా కాపాడే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా అడగాలి. అత్యవసరానికి వాళ్ల చేతికి వచ్చే అంకె 911. మన 112, అంబులెన్సుకు 108, ఫోనులో దాచిపెట్టించండి.

మందుల్లో ఒకటే హెచ్చరిక. ఏకాగ్రత లోపానికి అక్కడ విరివిగా రాసే ఆడరాల్‌లో యాంఫెటమైన్ ఉంటుంది. మన 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తుంది, ఇక్కడి షాపుల్లో దొరకదు. ఆ పిల్లలు బయల్దేరకముందే అక్కడి డాక్టరుతో మాట్లాడి మరో మందుకు మారాలి. దిగాక ఆలోచిద్దామంటే చదువు సాగదు. గంజాయి వాళ్ల రాష్ట్రంలో చట్టబద్ధమైతే అయి ఉండొచ్చు, ఇక్కడ కాదు. ఈ మాట సిగ్గుపడకుండా మొదటి వారమే అనేయండి.

రోడ్డు దాటడం వెనక వరుస విద్యార్థుల పని. వాళ్లు ముందు ఎడమకు చూస్తారు, మన బళ్లు కుడినుంచి వస్తాయి. చేయి చూపుతూ ఒకే నడకతో సాగాలి, సగంలో వెనక్కి అడుగేస్తే బండివాడి అంచనా తప్పుతుంది. ఆటో యాప్‌లో బుక్ చేసినా డ్రైవరు ఫోను చేసి ‘ఎక్కడున్నరు?’ అంటాడు. మ్యాప్‌లో చుక్క ఉంది కదా అని ఆ పిల్లకు అర్థం కాదు. మన చిరునామాలు గుర్తుల మీద నడుస్తాయి. మీ ఇంటికి సరిపడా ఒక్క వాక్యం తయారుచేసి కంఠతా పట్టించండి: ‘అన్నా, వాటర్ ట్యాంక్ ఎదురుగ, ఆకుపచ్చ గేటు’. ఆ వాక్యంతో సగం ఊరు చేతిలోకి వస్తుంది.

భాష. తెలుగు నేర్చుకుని వచ్చేవాళ్లూ ఉంటారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాలు తెలుగు చెప్పారు, ఇంకొన్ని చోట్లా చెబుతున్నారు. వాళ్లు తరగతిలో నేర్చింది ‘ఎక్కడికి వెళుతున్నారు’, మెహిదీపట్నంలో వినిపించేది ‘యాడికి పోతున్నవ్’, పక్కనే ఉర్దూ. ఆ రెండు తెలుగు మాటలూ ఒక భాషేనని చెప్పి ధైర్యం ఇవ్వండి. ఇంగ్లీషులో మనిషికీ పిల్లికీ ఒకే ‘యూ’ గనక మీరు, నువ్వు తారుమారవుతాయి. ప్రొఫెసరును నువ్వంటారు, కుక్కను మీరంటారు. తెలియకపోతే మీరు అనమనండి, ఎక్కువైన మర్యాదకు ఎవరూ కోప్పడరు. ‘తిన్నావా?’ అనేది పలకరింపని, పూర్తి జాబితా చెప్పనక్కర్లేదని చెప్పండి. ‘వెళ్లొస్తా’ అంటే మళ్లీ వస్తానని మాటివ్వడం కాదు. ‘చూద్దాం’ అంటే చాలాసార్లు లేదనే. ‘ధన్యవాదాలు’ పుస్తకంలో ఉంది కాబట్టి ప్రతి మంచినీళ్ల గ్లాసుకూ అంటారు. మీకు కృతకంగా వినిపించినా వెక్కిరించకండి, మెల్లగా అదే తగ్గిపోతుంది.

కాలేజీలో మార్కుల దగ్గర గుండె జారుతుంది. అక్కడ మామూలుగా 90 పైన ఏ, 60ల్లో డి, ఇంకా కింద తప్పినట్టు. ఇక్కడ 60 అంటే ఫస్టు క్లాసు. 62 చూసి ఏడుస్తున్న పిల్లను మిగతా క్లాసు అభినందిస్తుంటుంది. వెళ్లేటప్పుడు ట్రాన్స్‌క్రిప్టుతోపాటు మన గ్రేడింగ్ పద్ధతి వివరించే కాగితం కూడా జతచేయించుకోకపోతే అక్కడి కాలేజీ ఆ 62ని డి గానే చదివే ప్రమాదం ఉంది. హాజరు 75 శాతం నియమం వాళ్లకు కొత్త. వారాంతం హంపి, గోవా అని శుక్రవారాలు ఎగ్గొడితే డిసెంబరులో తెలుస్తుంది.

ఒక సంగతి మనలో మనం మాట్లాడుకోవాలి. అమెరికా పిల్లంటే తెల్లపిల్లనే ఊహించుకుంటాం. నల్లజాతి విద్యార్థి వస్తే ‘ఏ ఆఫ్రికా దేశం?’ అని అపార్టుమెంటు వాచ్‌మన్ నుంచి కిరాణా కొట్టు దాకా అడుగుతారు, జుట్టు ముట్టుకుంటారు. ఆ పిల్ల ఒక్కతే జవాబు చెప్పుకునేలా వదలకండి. మొదటి వారంలో మీరే అసోసియేషన్ వాళ్లకు పరిచయం చేయండి. మన తెలుగువాళ్ల పిల్లలూ వస్తారు, అక్కడ పుట్టినవాళ్లు. భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డుంటే నమోదు బాధ లేదు గానీ వేరే బాధ ఉంటుంది. మొహం మనది, మాట ఇంట్లో అమ్మతో మాట్లాడేంత, అక్షరం రాదు. తెల్లపిల్ల ‘నమస్కారం’ అంటే చప్పట్లు, వీళ్లు బస్సు బోర్డు చదవలేకపోతే ‘తెలుగు పిల్లవై ఉండి?’ అని దెప్పిపొడుపు. పైగా ఆదివారం ఆదివారం ఒక పెద్దమ్మ ఇంట్లో భోజనం. వాళ్లు వచ్చింది చదువుకోవడానికని ఆ పెద్దమ్మలకు చెప్పే బాధ్యత కూడా మీదే.

గది తలుపు వేసుకుంటే అలిగిందని అనుకోకండి. రోజంతా జనంలో ఉండి గంటసేపు ఒంటరిగా కూర్చోవడం వాళ్లకు విశ్రాంతి. కానీ వరసగా నాలుగైదు రోజులు భోజనానికి రాకపోయినా, క్లాసులు మానేసినా, పగలంతా నిద్రపోయినా, అది విశ్రాంతి కాదు. కార్యక్రమం సమన్వయకర్తకు అదేరోజు ఫోను చేయండి. ఇంటికి ఫోను చేసుకునే వేళ ఒకటి పెట్టించండి. మన సాయంత్రం ఏడు గంటలు న్యూయార్కులో ఎండాకాలం పొద్దున తొమ్మిదిన్నర, ఇద్దరికీ వీలు. రాత్రి రెండింటిదాకా అమెరికా స్నేహితులతో ఫోనులో ఉండే పిల్ల శరీరం ఇక్కడుంటుంది, నిద్ర అక్కడుంటుంది.

వెళ్లేటప్పుడు మీరు పచ్చళ్లు కడతారు, ఆపినా ఆగరు. ఆవకాయ, మాగాయ చెకిన్ సామానులోనే, నూనె కారకుండా రెండు కవర్లలో, దిగాక కస్టమ్స్ వాళ్లకు చెప్పి మరీ. కోడి, మటన్ పచ్చళ్లు వద్దు, మాంసం దొరికితే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, నిమ్మజాతి తోటలకు పట్టే పురుగు దాని మీద వస్తుందని అమెరికా రానివ్వదు. చాలా విమానాల్లో పెట్టెకు 23 కిలోలు. ఆ పిల్ల 50 పౌండ్లు అంటుంది, రెండూ దాదాపు ఒకటే. పెట్టెను ముందురోజు రాత్రే తూచండి, శంషాబాద్ కౌంటరు ముందు నేల మీద విప్పి జాడీలు బయటికి తీసే పని తప్పుతుంది.